పాదములకు తెలియు లిపి

చూపు లేనివాడు బాటను చూడలేడు. కాని బాటయే అతనితో మాటలాడినచో? ఈ ఆలోచనను ఆచరణలో పెట్టినవాడు జపాను దేశస్థుడు సెయిచి మియాకె. ఇతడు ఒకయామా నగరమున వసతిగృహము నడుపుకొను సామాన్యుడు. చూపు కోల్పోవుచున్న మిత్రుని ఇక్కట్లను గాంచి, 1965లో ఉబ్బెత్తు గుర్తులు గల పలకను రూపొందించెను. 1967 మార్చి 18న ఆ నగరపు అంధవిద్యాలయ సమీపమున, ఒక కూడలిలో 230 పలకలను పరచిరి. లోకమున ఇట్టి బాటలకు అదియే ఆరంభము.

ఆ పలకల భాష మిక్కిలి సులభము. పొడవైన గీతలు “ముందునకు సాగుము” అని చెప్పును. గుండ్రని బొడిపెలు “ఆగుము, ఎదుట మెట్లో, రహదారియో, మలుపో ఉన్నది” అని హెచ్చరించును. చేతికర్ర కొనకు, చెప్పుల అడుగునకు కూడ ఈ భేదము తెలియును. పలకల రంగు సాధారణముగా పసుపుపచ్చ. మందదృష్టి గలవారికి ఆ వన్నె నల్లని నేలపై తేటగా కనబడును.

నేడు హైదరాబాదు మెట్రో స్టేషన్లలోను ఈ పసుపు బాటలు కలవు. బహిరంగస్థలములు వికలాంగులకు అనువుగా ఉండవలెనని 2016 నాటి చట్టము విధించినది. అయినను పలకలు పరచుటతో పని ముగియదు. వాటిపై ఒక మోటారుసైకిలు నిలిపినను, ఒక తోపుడుబండి అడ్డుపెట్టినను వాక్యము మధ్యలో తెగిపోవును. నమ్మి నడచినవాడు దెబ్బతినును. ఈ లిపి అర్థము తెలిసిన బాలుడు దానిపై తన సైకిలు నిలుపడు. ఆ పాఠము బడిలోనే మొదలు కావలెను.