పార్కిన్సన్ వ్యాధిలో కదలికల కొలత

పార్కిన్సన్ వ్యాధిగ్రస్తుల కదలికలను పరికరాల సాయంతో అంకెల రూపంలో నమోదు చేసి, వాటి ఆధారంగా మందుల మోతాదును, వేళలను సవరించే పద్ధతి ఇది.

నేపథ్యం

ఈ వ్యాధిని 1817లో ఇంగ్లండుకు చెందిన వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించాడు. మెదడులో డోపమిన్‌ను తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వలన కదలికలు మందగించడం, కండరాలు బిగుసుకుపోవడం, వణుకు కలుగుతాయి. 1960వ దశకంలో వాడుకలోకి వచ్చిన లెవోడోపా నేటికీ ప్రధాన ఔషధం. వ్యాధి ముదిరినకొద్దీ ఒక్కొక్క మోతాదు పనిచేసే కాలం తగ్గుతుంది. మందు ప్రభావం తగ్గినపుడు కదలికలు మందగిస్తాయి. అధికమైనపుడు డిస్కైనీసియా అనే అసంకల్పిత కదలికలు కలుగుతాయి.

అవసరం

వైద్యులు యూపీడీఆర్ఎస్ అనే కొలమానంతో కదలికలకు సంబంధించిన ఒక్కొక్క లక్షణానికి 0 నుండి 4 వరకు అంకెలు వేస్తారు. అది పరీక్షించిన కొద్దిసేపటి స్థితిని మాత్రమే తెలుపుతుంది. రోగి ఇంటివద్ద వ్రాసే పట్టిక మరొక ఆధారం. అయితే వణుకును, డిస్కైనీసియాను రోగులు ఒకదానికొకటిగా పొరబడే అవకాశం ఉంది. మొదటిదానికి మందు పెంచవలసి రావచ్చు, రెండవదానికి తగ్గించవలసి రావచ్చు. కనుక ఈ పొరపాటు చికిత్సను తారుమారు చేయగలదు.

పరికరాలు

ఆస్ట్రేలియాలో రూపొందిన పర్సనల్ కైనెటిగ్రాఫ్ మణికట్టుకు ధరించే పరికరం. ఇందులోని త్వరణమాపకం రోగి దైనందిన కదలికలను కొన్ని రోజులపాటు నమోదు చేస్తుంది. మాత్ర వేళకు కంపించి గుర్తుచేస్తుంది కూడా. స్పెయిన్‌లో రూపొందిన స్టాట్-ఆన్‌ను నడుముకు ధరిస్తారు. 2023లో బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ, మరిన్ని ఆధారాలు సేకరిస్తూ ఇటువంటి పరికరాలను వాడవచ్చునని సూచించింది.

చికిత్సలో వినియోగం

నివేదికలో మాత్రల వేళలను, కదలికల రేఖను కలిపి చూస్తారు. తరువాతి మాత్రకు ముందే కదలికలు మందగిస్తుంటే మోతాదుల మధ్య వ్యవధి తగ్గించవచ్చు. మాత్ర ప్రభావం ఉచ్చస్థితిలో ఉన్నపుడు డిస్కైనీసియా కనిపిస్తే మోతాదును చిన్న భాగాలుగా విభజించవచ్చు. మధ్యాహ్న భోజనం తరువాతి మాత్ర మాత్రమే పనిచేయకపోతే ఆహారంలోని మాంసకృత్తులు కారణం కావచ్చు. అవి లెవోడోపా శోషణకు అడ్డుపడతాయి. అపుడు మోతాదుకు బదులు మాత్ర వేళను మార్చి చూస్తారు.

పరిమితులు

కదలక కూర్చున్న మనిషిని పరికరం మందగించినవానిగా లెక్కించవచ్చు. వ్యాయామాన్ని డిస్కైనీసియాగా భావించవచ్చు. మలబద్ధకం, నొప్పి, మానసిక కుంగుబాటు ఈ కొలతకు అందవు. కనుక నివేదికను రోగి, కుటుంబసభ్యులు చెప్పే వివరాలతో కలిపి వైద్యుడు పరిశీలించాలి. రోగి తనంతట తాను మందులు మార్చుకోరాదు. లెవోడోపాను హఠాత్తుగా మానివేయడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు.