కథలో మునగాలా? కథను తరచి చూడాలా?

మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, పిల్లలు బడినుంచి వచ్చేలోగా దొరికే ఆ గంటలో నవల పట్టుకుంటే మీకు లోకం గుర్తుండదు కదూ? పాలు పొంగి పొయ్యిమీద పడ్డాక గానీ తేరుకోరు. "ఆ నవలల్లో ఏముందని?" అంటూ ఇంట్లో ఎవరో ఒకరు సాధిస్తూనే ఉంటారు. మీరూ ఏదో తప్పు చేసినట్టు పుస్తకం దిండు కింద దాచేస్తారు.

మా అమ్మాయి తెలుగు ఎం.ఎ. చదివేటప్పటి సంగతి చెబుతాను. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' మీద వ్యాసం రాయాల్సి వచ్చింది తనకి. 1960లలో వచ్చి, 1976లో సినిమా కూడా అయిన నవల అది. పెళ్ళికి ముందు నేను అద్దె పుస్తకాల షాపునుంచి తెచ్చుకుని, రాత్రికి రాత్రే చదివేసి, తెల్లారి తిరిగిచ్చేశాను. ఆ సంబరంతో రాజశేఖరం గురించి చెప్పబోతే, "అదంతా కలల ప్రపంచం అమ్మా! మధ్యతరగతి అమ్మాయికి డబ్బున్న హీరో, అంతే" అని తీసిపారేసింది. మనసు చివుక్కుమంది. మాట్లాడకుండా లేచి వచ్చేశాను.

రాత్రి తనే పక్కన చేరి, "అప్పట్లో నీకు అందులో ఏం నచ్చిందమ్మా?" అని అడిగింది. అప్పుడు ఆలోచించాను. నాకు నచ్చింది రాజశేఖరం కారూ, మేడా కాదు. జయంతి ఉద్యోగం చేస్తుంది. ఎంత గొప్పవాడి ఎదుటైనా తన అభిమానం చంపుకోదు. మా ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగం మాటే ఎత్తని రోజులవి! ఆ మాటే చెప్పాను. అమ్మాయి గబగబా రాసుకుంది. "మరి పెళ్ళయ్యాక జయంతి ఉద్యోగం ఏమవుతుందంటావు?" అంది. అన్నేళ్ళలో ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు!

చూశారా, నా ఇష్టం లేకపోతే తన వ్యాసానికి ప్రాణం లేదు. తన ప్రశ్న లేకపోతే నా ఇష్టం నాకే అర్థం కాలేదు.

మీరూ చేసి చూడండి. మొదటిసారి హాయిగా కథకోసమే చదవండి. ఏడుపొస్తే ఏడవండి. నాలుగు రోజులు పోయాక మళ్ళీ తీసి, రెండే ప్రశ్నలు వేసుకోండి: ఈ ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంది? ఎవరు మాట్లాడకుండా ఊరుకుంటున్నారు? రంగనాయకమ్మ 'బలిపీఠం' ఇలా చదివితే, అరుణా భాస్కర్ల కాపురం చెడటానికి వాళ్ళ స్వభావాలెంత కారణమో, మధ్యనున్న కులం ఎంత కారణమో మీకే తేలుతుంది.

ఇది మనకు కొత్త విద్యేం కాదు. విందుకెళ్ళి పులుసు బాగుందని లొట్టలేస్తూ తింటాం. ఇంటికొచ్చాక బెల్లం ఎంత పడిందో, ఇంగువ ఎప్పుడు వేశారో ఆరా తీస్తాం. అంతమాత్రాన తిన్న రుచి పోతుందా?

కనుక ఆ నవలను దిండు కిందనుంచి తీసి బల్లమీద పెట్టండి. ఈసారి "అందులో ఏముంది?" అని ఎవరైనా అంటే, కూర్చోబెట్టి చెప్పండి.