గోగ్రహణము నుండి కారు చౌర్యము వరకు

పెనుగొలను అను పేరును విడదీసి చూపుమన్నచో తెలుగు వ్యాకరణము చదివిన విద్యార్థి తడుముకొనడు. ‘పెను’, ‘కొలను’ అను రెండు పదములు కలిసి, కకారము గకారమై, పెనుగొలను అయినది. పెద్ద చెరువు అని అర్థము. ఎన్టీఆర్ జిల్లాలో, తిరువూరు రెవెన్యూ డివిజనుకు చెందిన గంపలగూడెము మండలములో ఈ గ్రామము కలదు. చెరువును నమ్మి బ్రదికిన పల్లెలలో పూర్వము రెండు కాపలాలు తప్పనిసరి. ఒకటి గట్టు కాపలా, రెండవది పశువుల కాపలా. గట్టు తెగినచో పైరు పోవును. ఎద్దు పోయినచో అరకయు బండియు రెండును ఆగిపోవును.

నేడు ఎద్దు స్థానమునకు ట్రాక్టరును, గూడుబండి స్థానమునకు కారును వచ్చినవి. పల్లెలో కారు విలాసవస్తువు అను మాట పాతబడినది. అప్పు చేసి కారు కొని, దానిని కిరాయికి త్రిప్పి, ఇల్లు గడుపుకొను యువకులు ఎన్నో గ్రామములలో కలరు. ఆసుపత్రికైనను, పెండ్లికైనను, పరీక్షకైనను ఇరుగుపొరుగు వారు పిలుచునది ఆ కారునే. అట్టి వాహనము ఒక రాత్రి మాయమైనచో దానితో బ్యాంకు వాయిదా మాయము కాదు. జీవనాధారము పోయి ఋణము మాత్రము నిలుచును.

ఈ ప్రాంతపు ఉనికి కూడ గమనింపదగినది. తిరువూరు మీదుగా 30వ జాతీయ రహదారి పోవుచున్నది. దక్షిణమున అది విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నమును చేరును. ఉత్తరమున కొత్తగూడెము, భద్రాచలము దాటి ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూరు వైపునకు సాగును. గంపలగూడెము మండలమును ఆనుకొని తెలంగాణలోని ఖమ్మం జిల్లా కలదు. మామిడికాయల లారీకి సుగమమైన మార్గము దొంగకును సుగమమే. అర్ధరాత్రి పోయిన వాహనము తెల్లవారునప్పటికి మరియొక రాష్ట్రములో ఉండుట అసాధ్యము కాదు.

దొంగతనము క్రొత్తది కాదు. విద్యార్థులు ఎరిగిన విరాటపర్వమును తలచుకొన్నచో చాలును. సుశర్మ దక్షిణపు మందలను పట్టగా విరాటుడు సేనతో అటు కదలెను. కావలి వారందరును ఒక దిక్కునకు పోయిన సమయము చూచి కౌరవులు ఉత్తరపు మందలను తరలించిరి. గోపాధ్యక్షుడు ఏమి చేసెను? మరునాటి వరకు ఆగలేదు. రథమెక్కి పరుగున నగరమునకు వచ్చి ఉత్తరునికి వార్త చెప్పెను. అర్జునుని పరాక్రమమును అందరును కొనియాడుదురు గాని, సకాలమున వార్త తెచ్చిన గోపాలకుడు లేనిచో ఆ పరాక్రమమునకు పని యుండెడిది కాదు.

కావ్యములోని నీతి ఇట్లుండగా, కౌటిల్యుని అర్థశాస్త్రము మరింత వివరముగా మాట్లాడుచున్నది. అందు గోధ్యక్షుని విధులకు ఒక ప్రత్యేక ప్రకరణమే కలదు. దూడ పుట్టిన ఒకటి రెండు మాసములలో దానికి ముద్ర వేయవలెను. ఆ ముద్రను, పుట్టుమచ్చలను, రంగును, కొమ్ముల నడుమ ఎడమును పుస్తకములో వ్రాసి ఉంచవలెను. బెదురు పశువుల మెడకు గంట కట్టవలెను. గంట వలన క్రూరమృగములు బెదరును, పశువు ఎచ్చట మేయుచున్నదో తెలియును. పరుల పశువునకు రాజముద్ర వేసి మార్చినవానికి దండన కలదు. దొంగలెత్తుకొని పోయిన పశువును మరల తెచ్చినవానికి ప్రతిఫలము కలదు.

ఈ నియమములను నేటి మాటలలోనికి మార్చి చూచినచో ఆశ్చర్యము కలుగును. దూడ ముద్ర నేటి ఛాసిస్ సంఖ్య. గోధ్యక్షుని పుస్తకము నేటి రవాణాశాఖ రిజిస్టరు. మెడలోని గంట నేటి అలారమును, ఉపగ్రహముల సాయముతో ఉనికి తెలుపు జి.పి.ఎస్. సాధనమును. ముద్ర మార్చినవాని నేరము నేటి దొంగ నెంబరు పలక. కౌటిల్యుడు గ్రహించిన సూక్ష్మము ఒక్కటే: దొంగకు కావలసినది పశువు మాత్రమే కాదు, ఎవరిదో తెలియని పశువు. గుర్తు చెరగనంత వరకు దొంగ సొత్తునకు సంతలో వెల లేదు.

ఆధునిక వాహనపు ఛాసిస్ సంఖ్యలో అక్షరములును అంకెలును కలిసి 17 ఉండును. ఇంజనుకు వేరొక సంఖ్య కలదు. 2019 ఏప్రిల్ 1 తరువాత అమ్మిన క్రొత్త వాహనములకు అధిక భద్రత గల నెంబరు పలకలు తప్పనిసరి అయినవి. వాటిపై లేజరుతో చెక్కిన సంఖ్య, హోలోగ్రామ్ ఉండును. మరల ఊడదీసి వాడుటకు వీలు లేని బిగింపుతో వాటిని అమర్చుదురు. నెంబరు పలకను చూచి జిల్లాను పోల్చుకొను పాత అలవాటు ఇప్పుడు చెల్లదు. ఒకప్పుడు ఏపీ 16 అన్న కృష్ణా జిల్లా, ఏపీ 20 అన్న ఖమ్మం జిల్లా అని పిల్లలు కూడ చెప్పెడివారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి రాష్ట్రమంతటికి ఏపీ 39 అను ఒకే వరుస ప్రవేశించెను. తెలంగాణలో 2014 నుండి టీఎస్, 2024 నుండి టీజీ వాడుకలోనికి వచ్చెను. కావున పలకను కాక రిజిస్టరును నమ్మవలెను.

గుర్తు ఎంత త్వరగా చెరిగిపోవునో 2019లో హైదరాబాదున ఒక సంఘటన చూపెను. ఏప్రిల్ 23 రాత్రి గౌలిగూడలో నిలిపిన ఆర్టీసీ బస్సు ఒకటి తెల్లవారునప్పటికి కనబడలేదు. కెమెరాల జాడ పట్టుకొని పోలీసులు మహారాష్ట్రలోని నాందేడు ప్రాంతమును చేరునప్పటికి అది ముక్కలు ముక్కలై ఉండెను. నగరమంతయు ఎరిగిన రంగు, పేరు వ్రాసిన పెద్ద బస్సే రెండు మూడు దినములలో తుక్కుగా మారినచో చిన్న కారు మాట చెప్పనేల?

దీనికి ఎదురుగా 2024 డిసెంబరు 7 నాటి సంఘటనను నిలిపి చూడవచ్చును. హయత్‌నగరులో 108 అంబులెన్సును ఒకడు అపహరించి, సైరను మ్రోగించుచు విజయవాడ రహదారిపై దౌడు తీసెను. చిట్యాల వద్ద అడ్డుకొనబోయిన ఎ.ఎస్.ఐ. ఒకరు తీవ్రముగా గాయపడిరి. అయినను వార్త వాహనము కంటె ముందు పరుగెత్తెను. సూర్యాపేట జిల్లా టేకుమట్ల వద్ద దారికి లారీలను అడ్డుపెట్టి పోలీసులు వానిని పట్టుకొనిరి. ఒకచోట దొంగకు రాత్రి అంతయు దొరికెను, రెండవచోట దొరకలేదు. రెండింటికిని గల భేదము ఇంతే.

కావున కారు పోయినదని తెలిసిన క్షణముననే చేయవలసిన పనులు కలవు. మొదట అప్పు ఇచ్చిన సంస్థ గాని, వాహనమును ఆపు అధికారము గల మరియొకరు గాని తీసికొనిపోయిరేమో విచారింపవలెను. కాదని తేలినచో 112కు ఫోను చేసి, పోలీసు స్టేషనులో ఫిర్యాదు నమోదు చేయింపవలెను. 2024 జూలై 1 నుండి భారతీయ శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చెను. దానితోపాటు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షను ప్రకారము, నేరము ఏ స్టేషను పరిధిలో జరిగినను ఏ స్టేషనులోనైనను సమాచారము ఈయవచ్చును. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినచో మూడు దినములలో సంతకము చేయవలెను. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగా పొందుట ఫిర్యాదుదారుని హక్కు. రెండు రాష్ట్రముల సరిహద్దున నివసించువారికి ఇది ఎంతయు ఉపయోగకరమైన నియమము. సామాన్య దొంగతనమునకు మూడు సంవత్సరముల వరకు శిక్ష గలదు. సరకులను గాని ప్రయాణికులను గాని తీసికొనిపోవు వాహనమునే దొంగిలించినచో న్యాయ సంహిత 305వ సెక్షను క్రింద శిక్ష ఏడు సంవత్సరముల వరకు ఉండవచ్చును.

తరువాత బీమా సంస్థకు, అప్పు ఇచ్చిన బ్యాంకుకు, రవాణాశాఖకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. ఇచ్చట పలువురు పొరబడుచున్నారు. చట్టము తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా దొంగతనమునకు వర్తింపదు. సమగ్ర బీమా ఉన్నచోనే పరిహారము. 2010లో ఒక రైతు ట్రాక్టరు పోగా, ఆనాడే పోలీసులకు ఫిర్యాదు చేసెను గాని, బీమా సంస్థకు తెలుపుటలో ఆలస్యమయ్యెను. ఆ కారణము చూపి పరిహారమును నిరాకరించుట చెల్లదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. వెంటనే వ్రాయించిన ఫిర్యాదు రైతును రక్షించెను. వేరొక వ్యాజ్యములో తాళము లారీకే వదలి దారి అడుగుటకు దిగిన డ్రైవరు అశ్రద్ధ వలన 2023లో నూటికి 75 వంతుల పరిహారము మాత్రమే లభించెను. ఒక్క నిమిషపు ఏమరుపాటుకు నాలుగవ వంతు పోయినదన్నమాట.

ఇక మరల జరుగకుండ చూచుట. తాళము తీసి జేబులో వేసికొనుట, స్టీరింగు తాళము బిగించుట, వెలుతురు గల చోట నిలుపుట, సొమ్మును పత్రములను కారులో వదలకుండుట: ఇవి ఖర్చు లేని కాపలాలు. సరియైన తాళము గుర్తింపనిదే ఇంజను కదలనీయని ఇమ్మొబిలైజరు అను సాధనమును ఐరోపాలో 1998 నుండి క్రొత్త కార్లకు తప్పనిసరి చేసిరి. నెదర్లాండ్స్‌లో కారు దొంగతనములు దాని వలన సుమారు 40 శాతము తగ్గినట్లు పరిశోధకులు లెక్కగట్టిరి. ఒక చిన్న యంత్రము ఎంత మేలు చేయగలదో దీని వలన తెలియును. కాని యంత్రమునకు ప్రతియంత్రమును పుట్టుచునే యుండును. 2021లో హైదరాబాదున ఒక హోటలు నుండి పోయిన కారు విషయమున నిందితుడు మారుతాళములు సృష్టించు ఎలక్ట్రానిక్ సాధనములను వాడినట్లు పోలీసులు తెలిపిరి. మీట నొక్కి నడుపు కార్లు గలవారు తాళమును ఇంట వాకిలి చెంత ఉంచక లోపల లోహపు డబ్బాలో ఉంచుట మంచిది. కొన్నిటి సంకేతములను గోడ ఆవల నుండియే అందుకొను సాధనములు కలవు.

అయితే అన్ని తాళముల కంటె బలమైనది కొనువాని నిరాకరణ. అగ్గువకు వచ్చినదని పత్రములు లేని బండిని కొనువాడు ఉన్నంత కాలము దొంగకు పని ఉండును. దొంగ తనకు లేని హక్కును మరియొకనికి ఈయలేడు. నిజమైన యజమాని వచ్చిన నాడు బండియు పోవును, ఇచ్చిన సొమ్మును పోవును. దొంగసొత్తు అని తెలిసి కొన్నచో న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద శిక్షయు తప్పదు. పాత వాహనము కొనువారు బండిపై చెక్కిన ఛాసిస్, ఇంజను సంఖ్యలను పత్రములోని సంఖ్యలతో స్వయముగా పోల్చుకొనవలెను. అది దొంగిలించినదేమో జాతీయ నేర గణాంకసంస్థ వారి వెబ్‌సైటులో పరిశీలించుకొను వీలు కలదు. అమ్మినవారు రాష్ట్రములోనైనచో 14 దినములలో, పొరుగు రాష్ట్రమున రిజిస్టరైనదైనచో 45 దినములలో, కొన్నవారు 30 దినములలో రవాణాశాఖకు తెలియజేయవలెనని మోటారు వాహనముల చట్టము విధించుచున్నది. ఆ బాధ్యతను విస్మరించి చేతులు మార్చిన బండ్లే దొంగ బండ్లకు మరుగు కల్పించుచున్నవి.

ఈ పనిలో పాఠశాలలకు కూడ వంతు కలదు. ఒక ఆదివారము ప్రతి విద్యార్థియు తన ఇంటనున్న మోటారు సైకిలు, ట్రాక్టరు, కారు ఏదైనను, దాని రిజిస్ట్రేషను సంఖ్యను, ఛాసిస్, ఇంజను సంఖ్యలను, బీమా పత్రపు సంఖ్యను, బీమా గడువు తేదీని, రంగును, సొట్టలను, గీతలను ఒక కాగితముపై వ్రాసి, తండ్రికో తల్లికో చూపించి, బండిలో కాక ఇంటి పెట్టెలో దాచుమని ఉపాధ్యాయులు చెప్పవచ్చును. బీమా థర్డ్ పార్టీదా సమగ్రమా అని కూడ అడిగి తెలుసుకొనుమనవచ్చును. సంఖ్యలు ఇంట తెలియనందున ఫిర్యాదు ఆలస్యమగుట ఈ ఒక్క కాగితముతో తప్పును. వ్యాకరణము చదివిన చేతులే గోధ్యక్షుని పుస్తకమును మరల వ్రాయగలవు.