పుల్లబొమ్మల లోకంలో మనమూ ఆడుకుందాం

పిల్లలూ! 2003లో రిచ్ బర్లూ అనే అమెరికా రచయిత ఇంటర్నెట్‌లో ఒక హాస్య కామిక్ మొదలుపెట్టారు. దాని పేరు ‘ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్’. అందులో అందరూ పుల్లబొమ్మలే. గుండ్రటి తల, గీతల్లాంటి కాళ్ళూ చేతులూ. చూస్తే ‘ఇది నేనూ వేయగలను’ అనిపిస్తుంది. కానీ ఆ కథంటే పాఠకులకు ఎంత ఇష్టమంటే, 2012లో పాత సంపుటాలను మళ్ళీ అచ్చు వేయడానికి రచయిత సాయం అడిగితే 12 లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి.

కథలో ఆరుగురు వీరులు ఉంటారు. కత్తివీరుడు రాయ్, ఎలాంటి తాళమైనా తీసే హేలీ, పాటలు పాడే అమాయకుడు ఇలాన్, పొట్టి జాతి పూజారి డర్కన్, గర్వం తలకెక్కిన మంత్రవేత్త వార్సూవియస్, మనిషి చిన్నవాడైనా కోపం పెద్దదైన బెల్కర్. జైకాన్ అనే దుష్ట మాంత్రికుడిని ఓడించడం వాళ్ళ పని.

ఈ కామిక్‌కు మూలం ఒక ఆట. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వచ్చింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. వారిని గేమ్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర. ‘నేను తలుపు తోస్తాను’ అని నోటితో చెబితే చాలు. ఆ పని అవుతుందో లేదో పాచిక చెబుతుంది. కామిక్‌లో తమాషా ఏమిటంటే, తాము ఇలాంటి ఆట నియమాలున్న లోకంలో బతుకుతున్నామని ఆ పాత్రలకు తెలుసు! మొదటి పేజీలోనే నియమాలు మారిపోతాయి. పాత్రలు తమలో ఏం మారిందో తడుముకుని చూసుకుంటాయి.

మరి ఆటలోంచి వచ్చిన కామిక్‌ను తిరిగి ఆటగా మార్చుకోవడం ఎలా? ఇదీ ఒక బదిలీయే. బదిలీ గురించి మీకు నేను చెప్పాలా! ఏది లారీ ఎక్కించాలో, ఏది వదిలేయాలో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

జోకులు వదిలేద్దాం, కారణాలు తెచ్చుకుందాం

కామిక్‌లోని జోకు మనకు ముందే తెలుసు. ఆటలో దాన్నే మళ్ళీ చెబితే ఎవరూ నవ్వరు. కాబట్టి నవ్వు ఎందుకు వచ్చిందో చూడాలి. పరమానందయ్య శిష్యులను తలచుకోండి. గురువుకు సేవ చేయాలన్న కోరిక చాలా మంచిది. తెలివి మాత్రం కొంచెం తక్కువ. ఆ రెండూ కలిసిన చోట నవ్వు దానంతటదే పుడుతుంది. పుల్లబొమ్మలదీ అదే దారి. హేలీ బంగారం కోసం పడిచస్తుంది, ఎందుకంటే బందీగా ఉన్న తండ్రిని విడిపించాలి. ఇలాన్‌కు లోకమంతా కథలాగే నడుస్తుందని నమ్మకం.

అందుకే మీ పాత్ర కాగితం మీద మూడు మాటలు రాసుకోండి: కోరిక, బలం, బలహీనత. ఈ మూడూ బాగా కుదిరితే జోకులు ఎవరూ రాయనక్కర్లేదు.

ఇరవై చీటీల పాచిక

ఆ ఆటకు 20 ముఖాల పాచిక కావాలి. అది అన్ని ఊళ్ళలోనూ దొరకదు. 1 నుంచి 20 వరకు చీటీలు రాసి ఒక డబ్బాలో వేయండి. తీసిన చీటీని మళ్ళీ డబ్బాలో వేసి కలపాలి. వచ్చిన అంకెకు మీ బలం కలపండి. పని మామూలుదైతే మొత్తం 10, కష్టమైతే 15, చాలా కష్టమైతే 20 రావాలి. మీ బలం 4 అనుకుందాం. కష్టమైన పనికి 11 లేదా ఆపై చీటీ కావాలి. అలాంటివి 20లో 10. అంటే సగానికి సగం అవకాశం.

రెండు మామూలు పాచికలు వేయకూడదా? వేయవచ్చు. కానీ మొత్తం 7 పడే దారులు 6 ఉంటే, 12 పడే దారి ఒక్కటే. మధ్య అంకెలే ఎక్కువగా పడతాయి. హాస్యానికి అనుకోనిది జరగాలి కనుక చీటీలే మేలు. చీటీ తప్పినా ‘కాలేదు’ అని ఆపేయకండి. ‘తలుపు తెరుచుకుంది, కానీ అవతల కాపలావాళ్ళు అన్నం తింటున్నారు’ అనండి. పని చెడినా కథ ఆగకూడదు.

ఇలాన్ నమ్మకాన్నీ నియమంగా పెట్టుకోవచ్చు. ప్రతి ఆటగాడూ రోజుకు ఒక్కసారి ‘కథల్లో ఇలాగే జరుగుతుంది’ అని చెప్పి ఒక మలుపు తేవచ్చు. మనకు మలుపులకు కొదవా? జైకాన్ తన ప్రాణాన్ని ఒంట్లో కాక ఒక వస్తువులో దాచుకుంటాడు. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం చిలకలో ఉన్నట్టే. ఆ కిటుకు మనకు అమ్మమ్మల కాలం నుంచీ తెలుసు.

శత్రువు పేరేమిటి?

ఇప్పుడు అసలు విషయం. ఇలాంటి ఆటల్లో గాబ్లిన్లు అనే పచ్చటి చిన్న జీవులు ఉంటారు. వీరులు వాళ్ళను కొట్టి మార్కులు సంపాదిస్తారు. వాళ్ళకు పేరు ఉండదు, ఇల్లు ఉండదు. బర్లూ అక్కడే ఆగి ఆలోచించారు. ఆయన కథలో రెడ్‌క్లోక్ అనే గాబ్లిన్ పూజారి జైకాన్ పక్షాన ఉంటాడు. అతను చిన్నవాడిగా ఉన్నప్పుడు ‘మంచి వీరులు’ అనిపించుకున్నవాళ్ళే అతని ఊరిమీద పడి అయినవాళ్ళను చంపారు. తమ జాతిని దేవతలు ఇతరుల మార్కుల కోసమే పుట్టించారని అతను నమ్ముతాడు. అతను చేసే పనులు ఘోరమైనవే. కానీ అతని బాధ అబద్ధం కాదు. నవ్విస్తూ సాగే కథ అక్కడ మనల్ని తలదించుకునేలా చేస్తుంది.

ఈ ఒక్కటీ మాత్రం లారీలో ముందుగా ఎక్కించండి. గేమ్ మాస్టర్ తెచ్చే ప్రతి శత్రువుకూ ఒక పేరు, ఒక కోరిక ఉండాలి. ఆటగాళ్ళు అడిగితే చెప్పగలగాలి. కొత్త బడిలో మన యాసకు ఎవరో నవ్వినప్పుడు, మన పేరును సరిగ్గా పలకకుండా ‘సౌత్‌వాడు’ అని పిలిచినప్పుడు ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. పేరు లేని గాబ్లిన్ స్థానంలో మీరూ ఒకసారి నిలబడ్డారు. కాబట్టి మీ బల్ల దగ్గర నవ్వు పాత్ర మీద ఉండాలి. ఆడేవారి యాస, రంగు, ఊరు, మతం మీద ఉండకూడదు.

సగం కథలో బదిలీ వస్తే?

నేను పనిచేసిన ప్రతి బడిలోనూ ఏడాది మధ్యలో ఎవరో ఒకరు వెళ్ళిపోతారు, ఎవరో ఒకరు వస్తారు. క్రికెట్ జట్టులో అప్పటికే పదకొండు మంది ఉంటారు. ఈ ఆటకు అలాంటి లెక్క లేదు. కొత్తగా వచ్చినవారి పాత్ర పక్క గదిలో బందీగా దొరకవచ్చు. పది నిమిషాల్లో వాళ్ళూ జట్టులో మనిషే. వెళ్ళిపోయేవారి పాత్రను చంపేయకండి. కామిక్‌లోనూ అజూర్ సిటీ యుద్ధం తర్వాత జట్టు విడిపోతుంది. కొందరు నగరంలో చిక్కుకుంటే, కొందరు ఓడలెక్కి వెళ్ళిపోతారు. చాలాకాలం ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అయినా వాళ్ళది ఒకే జట్టు. మీరూ స్నేహితుడి పాత్రను ఏ దూరదేశపు పనిమీదో పంపండి. నెలకో ఉత్తరంలో అక్కడి సంగతులు రాయమనండి. ఆ ఉత్తరాన్ని ఆటలో చదవండి. తెలుగులో రాస్తే నాకు ఇంకా సంతోషం!

ఈ శనివారం నలుగురిని, ఒక నోటుపుస్తకాన్ని, చీటీల డబ్బాను పోగుచేయండి. ఐదోవారు ఎవరైనా దూరంగా కూర్చుని చూస్తుంటే వారినీ పిలవండి. ముందుగా వారి పాత్ర పేరు అడగండి.