లాగితే చాలదు... ఆగాలి!

అనంతపురం నుంచి గుత్తి వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే వస్తుంది గార్లదిన్నె. హైదరాబాద్, బెంగళూరు బస్సులూ లారీలూ రివ్వున దూసుకుపోయే ఆ రోడ్డు మీదికే చుట్టుపక్కల ఊళ్ల ట్రాక్టర్లూ ట్రాలీలతో ఎక్కుతుంటాయి. వేరుశనగ బస్తాలు, ఇసుక, ఎరువులు, పశువులకు గడ్డి... ఏదైనా సరే, నిండేదాకా ఎక్కించడం చాలామందికి అలవాటు. 'ఇంజిన్ గుంజుతాంది కదా' అన్నదే ధీమా. నిజానికి అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది... గుంజిన బరువును ఆ ట్రాక్టరు ఆపగలదా?

కరవు సీమలో ఈ లెక్క బాగా తెలిసేది నీళ్ల ట్యాంకరుతోనే. వానలు మొహం చాటేసి బోర్లు ఎండిన ఏళ్లలో చీనీ చెట్లను బతికించుకోవడానికి అనంతపురం రైతులు ట్యాంకర్లతో నీళ్లు తోలారు. లీటరు నీళ్లంటే కిలో. 5 వేల లీటర్ల ట్యాంకరులో నీళ్లే 5 టన్నులు. ఇనుప ట్యాంకు, చక్రాలు, ఇరుసు బరువు అదనం. మరి లాగే ట్రాక్టరో? 45-50 హెచ్‌పీ బండి సుమారు 2 టన్నులు తూగుతుంది. అంటే తనకు రెండున్నర రెట్లు మించిన బరువు వెనక తరుముతుంటే ముందు అది పరిగెడుతోందన్నమాట! ఎత్తుపల్లాలు లేని మట్టిబాటలో మెల్లగా పోతున్నంతసేపూ ఏమీ తెలియదు. పల్లంలోనో, గేదె అడ్డొచ్చినప్పుడో తెలుస్తుంది.

ఎందుకంటే చాలా ట్రాక్టర్లకు బ్రేకులుండేది వెనక చక్రాలకే. మామూలు ట్రాలీలకైతే అసలే ఉండవు. ట్రాక్టరు ఆగినా ట్రాలీ ఆగదు, వెనక నుంచి నెడుతుంది. రెండూ తిన్నగా లేకపోతే అడ్డం తిరిగి ట్రాక్టరునే పడేస్తుంది. పైగా వేగం రెట్టింపైతే ఆపాల్సిన ఊపు నాలుగు రెట్లవుతుంది. సగం నింపిన ట్యాంకరు తేలికే కదా అనుకుంటే అదీ పొరపాటే. లోపల అడ్డుపలకలు లేకపోతే మలుపులో నీళ్లన్నీ ఒకవైపు ఒరిగి బండినీ ఒరగదీస్తాయి.

బ్రిటన్‌లో కారుకు బ్రేకుల్లేని ట్రైలర్ తగిలిస్తే, సరుకుతో కలిపి దాని బరువు 750 కిలోలు గానీ కారు బరువులో సగం గానీ... ఏది తక్కువైతే అంతకు మించకూడదు. మన ట్రాలీల పక్కన పెట్టి చూస్తే ఈ అంకెలకు నవ్వొస్తుంది. వాళ్లు చూసింది మాత్రం ఇంజిన్ బలాన్ని కాదు, బ్రేకు బలాన్ని.

కంటికి ఆనని బరువు

మూడు ఘనపు మీటర్ల తొట్టిలో వేరుశనగ కాయలు పోస్తే టన్ను అటూఇటూగా తూగుతాయి. అదే తొట్టిలో తడి ఇసుక నింపితే 5 టన్నులు దాటిపోతుంది. చూడ్డానికి రెండూ 'నిండు ట్రాలీ'లే! వరిగడ్డి సంగతి వేరు. బరువు తక్కువే, ఎత్తుతోనే ప్రమాదం.

అందుకే చూడాల్సింది ట్రాలీ ఆర్సీలోని రెండు అంకెలు. ఒకటి ఖాళీ బరువు, రెండోది సరుకుతో కలిపి అనుమతించే మొత్తం బరువు. మొత్తంలోంచి ఖాళీది తీసేస్తే వేయదగ్గ సరుకెంతో తేలుతుంది. ఖాళీ ఒకటిన్నర టన్ను, మొత్తం నాలుగున్నర అనుకుంటే సరుకు 3 టన్నులే. పక్కలకు పలకలు బిగించి ఎత్తు పెంచితే తొట్టి పెరుగుతుందేగానీ ఇరుసు బలం పెరగదు. అనుమానముంటే వేబ్రిడ్జి మీద ఒకసారి ఎక్కిస్తే సరి. పరిమితి మించితే, 2019లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల చట్టం ప్రకారం జరిమానా 20 వేల రూపాయలు. ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2 వేలు.

ఇక ట్రాలీ సరుకు కోసమే, మనుషుల కోసం కాదు. అయినా కూలీలను అందులోనే పొలాలకు తీసుకెళ్తుంటారు. 2018 జూన్ 24న తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాలీ మూసీ కాలువలో బోల్తాపడి 15 మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు అందరూ ఆడవాళ్లే.

బరువు సరిగ్గా ఉన్నా తోలేవాళ్లు మరిచిపోయే చిన్న పని ఒకటుంది. ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లుంటాయి. దుక్కిలో మూల తిరగడానికి ఒక్కటే తొక్కుతారు. రోడ్డెక్కేముందు ఆ రెండింటినీ గడియవేసి కలపాలి. లేదంటే ఒక చక్రమే ఆగి బండి పక్కకు లాగేస్తుంది. పల్లం దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేయడమూ అంతే ప్రమాదం. ఏ గేరులో మిట్ట ఎక్కారో ఆ గేరులోనే దిగాలి.