ఓటీపీ చెప్పే ముందు ప్లాన్ చూశారా?

ఆ శుక్రవారం నైట్ డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చేసరికి నజ్రాన్‌లో ఉదయం ఎనిమిదైంది. జగిత్యాలలో పదిన్నర. చెప్పులు విప్పుతుండగానే మా మరిది ఫోన్ చేశాడు.

"వదినా, నీ ఫోన్‌కు ఓటీపీ వస్తది. జల్ది చెప్పు. ఇయ్యాల్నే ఇంటి పర్మిషన్ అయిపోతది."

చెప్పబోయాను. చాయ్ తాగుతున్న మా ఆయన తలెత్తి, "ప్లాన్ చూసినవా?" అన్నాడు.

చూడలేదు. ప్లాటు నా పేరు మీదే ఉంది. 200 గజాలు. ఇక్కడి ఆసుపత్రిలో పదేళ్ళు రాత్రీ పగలూ చేసి కొన్నది. అయినా ఇల్లు కట్టడం మగవాళ్ళ పని అన్నట్టు అన్నీ మరిదికి వదిలేశాను.

ఓటీపీ ఆపి, ప్లాన్ పంపమన్నాను. వాట్సాప్‌లో రెండు కాగితాలొచ్చాయి. ఒకటి దరఖాస్తుకు జతచేసేది. అందులో పక్క ప్రహరీకి, ఇంటి గోడకు మధ్య మీటరు ఖాళీ ఉంది. రెండోది మేస్త్రికి ఇచ్చేది. అందులో ఆ ఖాళీ లేదు. దాని చోట కిరాయికి ఇచ్చే గది ఉంది.

"గల్లీల అందరు అట్లనే కట్టిన్రు వదినా. ఎవరు చూస్తరు?" అన్నాడు మరిది. అతనిది దురాశ కాదు. నెలనెలా నాలుగు రూపాయలు వస్తే మాకే మంచిదని అతని ఆలోచన.

కానీ సంతకం ఎవరిది? నాది.

తెలంగాణలో 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక చిన్న ఇళ్ళ అనుమతి చాలా సులువైంది. 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు మించని ఇంటికి అనుమతే అక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. అంతకు మించి 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు దాటని ఇళ్ళకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇస్తారు. పెద్ద భవనాలకు 21 రోజుల గడువు. ఆంధ్రప్రదేశ్‌లోనూ చిన్న ఇళ్ళకు స్వీయ ధ్రువీకరణ పద్ధతి ఉంది.

స్వీయ ధ్రువీకరణ అంటే, "ఈ స్థలం నాది, ఈ ప్లాన్ ప్రకారమే కడతాను" అని మనం రాసివ్వడం. అధికారులు ముందుగా కాకుండా తర్వాత వచ్చి సరిచూస్తారు. చెప్పింది అబద్ధమని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టం ఇచ్చింది. పని తొందరగా అవుతుంది, నిజమే. దాంతోపాటు బాధ్యత కూడా ఆఫీసు బల్ల మీంచి మన నెత్తికెక్కింది.

మా ఆయన ఇక్కడ భవన నిర్మాణంలో ఫోర్‌మన్. సౌదీలో ఇంటి యజమాని లైసెన్సున్న ఇంజనీరింగ్ ఆఫీసు చేత ప్లాన్ గీయించి, 'బలది' పోర్టల్‌లో మున్సిపాలిటీ అనుమతి తీసుకోవాలి. "ప్లాన్‌ల లేని గోడ లేపుమంటే మా ఇంజనీరు ఒప్పుకోడు. ఊళ్ళె మన ఇల్లు మాత్రం ఎట్లనన్న కట్టొచ్చా?" అన్నాడు. ఆ మాటకు మరిది కాసేపు మాట్లాడలేదు.

చివరికి కిరాయి గది తీసేశాం. ఒక్కటే ప్లాన్ మిగిలింది. దరఖాస్తుకు అదే, మేస్త్రికీ అదే. మరిది రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు తనే ఫోన్ చేసి, ముగ్గు పోయించిన ఫోటో పంపాడు. పక్కన మీటరు ఖాళీ ఉంది.

మీరూ ఊళ్ళో ఇల్లు కడుతుంటే కొన్ని సంగతులు చూసుకోండి. స్థలం ఎవరి పేరు మీద ఉంటే దరఖాస్తు వాళ్ళ పేరు మీదే వెళ్తుంది. రిజిస్టర్డ్ దస్తావేజు, దానికి ముందటి లింక్ డాక్యుమెంట్లు తెప్పించుకుని చదవండి. లేఅవుట్‌కు అనుమతి ఉందా లేదా అన్నది ప్లాన్ గీయించక ముందే తెలుసుకోండి. లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ సంగతి ముందు తేలాలి.

ఊళ్ళో ఒకరికి అధికారం ఇవ్వాలంటే పవర్ ఆఫ్ అటార్నీ భారత కాన్సులేట్‌లో చేయించుకోవచ్చు. నజ్రాన్ వాళ్ళకు అది జెడ్డా కాన్సులేట్. ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అందులో ఏం రాశారో ప్రతి వాక్యం చదవండి. ఇంటి అనుమతికి, కట్టించడానికి అని రాస్తే సరిపోతుంది. అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు దానిలో కలిసిపోకుండా చూడండి. అయినవాళ్ళ మీద అనుమానంతో కాదు. రేపు వాళ్ళ మీద మాట రాకుండా ఉండాలన్నా అదే మంచిది.

నజ్రాన్‌లో పాత మట్టి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఒక వరస మట్టి పేర్చి, అది ఆరాకే దాని మీద మరో వరస వేసేవారట. డ్యూటీకి వెళ్తూ వాటిని చూసినప్పుడల్లా మా ఇల్లు గుర్తొస్తుంది. ఓటీపీ ఆ రోజు చెప్పలేదు. వారం తర్వాత, ప్లాన్ మొత్తం చదివాక చెప్పాను.