ఫోన్‌లో పాచిక వేసేదెవరు?

తార్నాకలో బస్సు దిగి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిచారనుకోండి. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నలుగురు ఒకే ఫోన్ చుట్టూ చేరి లూడో ఆడుతున్నారు. ఈ ఆట ఎక్కడ పుట్టింది?

దీని ముత్తాత మన పచ్చీసే! గవ్వలతో ఆడేవారు. ఇంగ్లండులో గవ్వలు తీసేసి, ఆరు ముఖాల పాచిక పెట్టి, గళ్లు తగ్గించి, 1896లో ‘లూడో’గా పేటెంటు, అంటే తయారీ హక్కు, పొందారు. 2016లో నవీ ముంబైలో తయారైన లూడో కింగ్‌తో ఇంటిల్లిపాదీ ఫోన్‌లో ఆడసాగారు.

మన అష్టాచెమ్మా కూడా ఆ కుటుంబానిదే. అమ్మమ్మ చింతగింజలను ఒకవైపు తెల్లబడేదాకా బండమీద రుద్దేది. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎనిమిది. ఆ గింజల గలగల నాకు ఇప్పటికీ ఇష్టం.

మరి చేతుల్లేని ఫోన్ పాచిక ఎలా వేస్తుంది? ఒక దారి ఇది. మీరు నొక్కిన క్షణాన్ని ఒక పెద్ద సంఖ్యగా తీసుకుంటుంది. పులిహోర కలిపినట్టు దాన్ని గుణించి, కూడి, కలగాపులగం చేస్తుంది. చివరికి ఆరుతో భాగించి, శేషానికి ఒకటి కలుపుతుంది. శేషం 5 వచ్చిందా? మీకు ఆరు పడింది, కాయ బయటికి తీయండి!